ఎడమచేతి రాణి

నేను పుట్టించిన రాణి గురించి నాకే తెలియదన్నారు. నోటిమాటగా కాదు, కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి మరీ అన్నారు. ఆవిడ కుడిచెయ్యి ఎలా కాలిందో నేను తప్పు రాసేనట. నా రాత చరిత్రకి విరుద్ధంగా ఉందట. ఆ చెయ్యి కాల్చిందే నేను. మరి ఆ చరిత్ర ఎవరిదండీ?

ఇన్నేళ్ళయినా నాకు చల్లారలేదు. ఈ సంగతి ఎత్తితే చాలు, మా ఇంట్లోవాళ్ళు "అదిగో, రాణిగారొచ్చేరు" అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వుతారు. నవ్వుకోనీండి. నేను మాత్రం మొదటినుంచీ చెప్తాను.

యుద్ధం రోజులు. నేను అనకాపల్లి బెల్లం బజారులో ఒక కొట్లో కాటా దగ్గర పనిచేసేవాణ్ణి. దిమ్మలు తూచడం, తూకం తక్కువొచ్చిందని రైతుల చేత తిట్లు తినడం, ఎక్కువొచ్చిందని షావుకారు చేత తిట్లు తినడం, ఇదీ ఉద్యోగం. బడి చదువు అయిదో క్లాసుతో సరి. మిగతా చదువంతా ఆ కొట్లోనే. షావుకారుకి బెల్లంతోపాటు చిల్లర దినుసుల వ్యాపారం కూడా ఉండేది. పొట్లాలు కట్టడానికి పాత పత్రికలు, అట్టలూడిన పుస్తకాలు కట్టలకి కట్టలు కొనేవాడు. అవి పొట్లాలయ్యేలోగా నేను చదివేసేవాణ్ణి.

అలా చదివిన కథల్లో మొదలున్నదానికి చివర ఉండేది కాదు, చివరున్నదానికి మొదలుండేది కాదు. రాజు గుర్రం ఎక్కేవాడు. ఎక్కి ఎటు వెళ్ళేడో తెలుసుకుందామంటే ఆ పేజీ అప్పటికే మిరపకాయలు చుట్టుకుని ఎవరింటికో వెళ్ళిపోయి ఉండేది. రాజుని అలా నడిదారిలో వదిలెయ్యలేక మిగతా దారి నేనే నడిపించేవాణ్ణి. కాటాలో దిమ్మ పెట్టి, ముల్లు నిలబడేలోగా ఒక కోట గెలిపించేవాణ్ణి. ఈమధ్య సభల్లో చారిత్రక నవలకి ప్రేరణ ఏమిటని అడుగుతున్నారు. పెద్దవాళ్ళు శిథిలాలంటారు, శాసనాలంటారు. నన్నడిగితే మిరపకాయల పొట్లమంటాను. డిగ్రీలున్నవాళ్ళకి ఈ జవాబు నచ్చదు, నాకు తెలుసు.

మా సొంతూరు మునగపాక పక్కన. మా అన్న అక్కడ చెరకు పండించేవాడు, మా అమ్మ అతని దగ్గరే ఉండేది. ఆదివారం కొట్టు సైకిలు అడిగి పుచ్చుకుని నేనూ అక్కడికే పోయేవాణ్ణి. మా గానుగ పక్కన గట్టు మీద ఒక రాయి పాతి ఉండేది. నడుమెత్తు రాయి. దాని మీద ఒక ఆడమనిషి బొమ్మ. కోక కచ్చపోసి కట్టి ఉంటుంది, కొప్పు ఉంటుంది, కత్తి పైకెత్తి ఉంటుంది. కత్తి మటుకు ఎడమచేతిలో ఉంటుంది. కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎవరికీ చూపించనన్నట్టు నిలబడి ఉంటుంది. కింద ఒక్క అక్షరం లేదు.

ఎవరావిడ? ఎందుకా ఎడమచెయ్యి? కనపడ్డవాళ్ళనల్లా అడిగేను. చెక్కినవాడిదే ఎడమచేతివాటం, తనలాగే చెక్కేడని ఒకరన్నారు. కుడిచేత్తో వరం ఇస్తోందని ఇంకొకరన్నారు, వెనక్కి పెట్టుకుని వరం ఎవరికిస్తోందో చెప్పలేదు. మా అన్ననడిగితే, రాయి నిన్నేమైనా అడిగిందా, నువ్వెందుకు దాన్నడుగుతావని కసిరేడు.

జవాబు నాకు ఒక మేక వల్ల దొరికింది. ఒక ఆదివారం మధ్యాహ్నం పక్కవాళ్ళ మేక మా చెరకులో పడింది. మా అమ్మ గానుగ దగ్గరనుంచి లేచి, చేతికందిన చెరకుగడ ఎత్తి, గట్టు మీదకి పరిగెత్తింది. సరిగ్గా ఆ రాయి పక్కన నిలబడింది. కోక కచ్చపోసి ఉంది. గడ ఎడమచేత్తో ఎత్తి పట్టుకుంది. కుడిచెయ్యి కొంగులో చుట్టి వెనక్కి పెట్టుకుంది.

మా అమ్మ కుడిచెయ్యి నా చిన్నతనంలోనే కాలిపోయింది. మరుగుతున్న పాకం రుచి చూడబోయి, అది చల్లారేదాకా ఆగలేక ముంచేసింది. ఆకలిగా ఉన్నప్పుడు మా అమ్మకి ఓపిక తక్కువ. వేళ్ళు అతుక్కుపోయేయి. తర్వాత వండడం, వడ్డించడం, మాకు వీపు మీద వడ్డించడం అన్నీ ఎడమచేత్తోనే. దెబ్బ పడుతుందని కుడివైపు నుంచి కాచుకునే పిల్లలు ఎక్కడైనా ఉంటారు. మా ఇంట్లో పిల్లలం ఎడమవైపు కాచుకునేవాళ్ళం.

మేక పారిపోయింది. నేను మాత్రం అక్కడే నిలబడిపోయేను. కొట్టుకి తిరిగొచ్చేసరికి నవల సగం తయారైపోయింది. చిన్న కోట, చిన్న రాణి. కోట పోయింది. రాణి పారిపోయి ఒక గానుగ దగ్గర దాక్కుంది. తిండి తిని ఎన్నాళ్ళో అయింది. పాకం వాసన తగిలింది. ఆగలేక చెయ్యి ముంచింది. కాలిన చెయ్యి పట్టుకుని ఏడ్చి, ఏడ్చి, తర్వాత ఎడమచేత్తో కత్తి పట్టడం నేర్చుకుని కోట మళ్ళీ తెచ్చుకుంది. ఆకలేసే రాణిని నేనెక్కడా చదవలేదు. నా పొట్లాల్లోని రాణులందరూ తాంబూలం వేసుకునేవాళ్ళే కాని అన్నం తినగా నేను చూడలేదు. అందుకే ఆవిడంటే నాకంత ఇష్టం కలిగింది.

కాగితం దొరకని కాలం. పొట్లాల పత్రికల్లో ఖాళీగా ఉన్న అంచులన్నీ కత్తిరించి, కుట్టి, వాటి మీద రాసేవాణ్ణి. రాసిన భాగం ఆదివారం గానుగ దగ్గరకి పట్టుకెళ్ళి చదివేవాణ్ణి. రసం మరుగుతూ ఉంటే పెనం చుట్టూ కూచున్నవాళ్ళకి కబుర్లు కావాలి, నాకు వినేవాళ్ళు కావాలి.

ఇక్కడ మా వైపు గానుగల దగ్గరుండే కట్టుబాటు ఒకటి చెప్పాలి. పొయ్యి మీద పెనం ఉండగా ఎవరూ కథని తన కథ అని చెప్పకూడదు. "ఇది మా పెద్దలు చెప్పింది" అని మొదలుపెట్టాలి. నాది అన్నామా, పాకం విరిగిపోతుంది, దిమ్మ కట్టదు. ఎందుకలా అంటే ఎవరికీ తెలీదు, ఎవరూ అడగరు. పాకం చూసే మామ ఒకడుండేవాడు. బెల్లం అదను చెప్పడానికి ఊళ్ళో అతని తర్వాతే ఎవరైనా. నేను మొదటి ఆదివారం ఆ మాట అనకుండా చదవబోతే తెడ్డు నా మొహానికి అడ్డంపెట్టేడు. సరేనని నేనూ "ఇది మా పెద్దలు చెప్పింది" అన్నాను. ప్రతి ఆదివారం అన్నాను. నవల పూర్తయ్యేదాకా అన్నాను. అంచులు కుట్టిన ఆ కాగితాలు నా చేతిలోనే ఉన్నాయి, నేను రాసేనని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా అనవలసింది అనాలి.

వాళ్ళకి రాణి నచ్చింది. ఆవిడ చెయ్యి కాలిన ఘట్టం వచ్చినప్పుడు మామ తెడ్డు తిప్పడం ఆపేడు. మా అమ్మ మటుకు విని, తిండిపోతు ముండ అని రాణిని తిట్టింది.

విశాఖపట్నం మీద బాంబులు పడ్డాక అక్కణ్ణుంచి జనం పెట్టెలు, పరుపులు, పంజరాల్లో చిలకలతో సహా అనకాపల్లి వచ్చేసేరు. అలా వచ్చిన వాళ్ళలో ఒక ప్లీడరుగారు. మంచి భారీ మనిషి. మా బజారు వెనక మేడ అద్దెకి తీసుకున్నారు. కోర్టు లేదు, కేసుల్లేవు, తోచక చుట్టుపక్కల పాతరాళ్ళన్నీ చూడడం మొదలుపెట్టేరు. జట్కా ఎక్కి, గొడుగు వేసుకుని, ఈ రాయి ఎవరిది, ఆ గుంట ఎవరిదని ఊరూరా తిరిగేవారు. మా కొట్టుకి బెల్లం కోసం వచ్చి, మునగపాక వైపు ఏదో బొమ్మ ఉందటగా అనడిగితే దారి చెప్పింది ఎవరనుకున్నారు? నేనే. గర్వంగా చెప్పేను. నవల సంగతి మాత్రం చెప్పలేదు. అచ్చయ్యాక ఒక్కసారే ఆయన చేతిలో పెడదామనుకున్నాను.

ఆయన వెళ్ళేరు. గానుగలు ఆడుతున్నాయి. ఈ రాతి మీద ఎవరని అడిగేరు. మా వాళ్ళు మర్యాదస్తులు, అడిగితే చెప్పకుండా పంపరు. రాణి కథంతా చెప్పేరు. ఎవరు చెప్పేరీ కథ అని అడిగేరు. పొయ్యి మీద పెనం ఉంది. ఇంకేం చెప్తారు?

ఆ మరుసటేడు నేను నవలని మద్రాసులో ఒక వారపత్రికకి పంపేను. అది తిరిగొచ్చింది. దానితోపాటు సంపాదకుడి చీటీ. "రాణి తిండియావచేత చెయ్యి కాల్చుకున్నట్లు రాయుట చరిత్రకు విరుద్ధము. శత్రువులు ఆమెపై మరిగే పాకము పోసినట్లు స్థానిక చరిత్రలో స్పష్టముగా ఉన్నది. రచయిత ప్రామాణిక గ్రంథములు చూడవలెను." ఇదీ నేను మొదట చెప్పిన సంగతి.

ఏ ప్రామాణిక గ్రంథమా అని అనకాపల్లి గ్రంథాలయానికి పరిగెత్తేను. బల్ల మీదే ఉంది. సన్నటి పుస్తకం, మీద ప్లీడరుగారి పేరు. తెరిస్తే నా రాణి. నా కోట. నా గానుగ. "జనశ్రుతి" అని రాసేరు. శత్రువులు ఎక్కణ్ణుంచి వచ్చేరో నాకు తెలీదు, నేను వాళ్ళని ఆ చుట్టుపక్కలకి రానివ్వలేదు.

ఆ సాయంత్రమే మేడెక్కి అడిగేను. ఆయన కోప్పడలేదు, అదే నాకు మరీ మండింది. కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, నేను చెప్పిందంతా కోర్టులో విన్నట్టు విన్నారు. కథ రెండు మూడు గానుగల దగ్గర విన్నానని, అన్నిచోట్లా ఒకటే మాట చెప్పేరని అన్నారు. పాకం శత్రువులు పొయ్యడమేమిటని అడిగితే, రాణి అన్నాక బెల్లానికి కక్కుర్తిపడుతుందా, పల్లెటూరివాళ్ళు మర్యాద తెలీక అలా చెప్పుకుంటారు, దాన్ని కొంచెం సరిచేసేనన్నారు. కథ నాదని నేను మళ్ళీ అన్నాను.

"అందరూ పెద్దలు చెప్పిందనే అన్నారండీ. అంతమంది పెద్దలూ మీ ఒక్కరి నోట్లోంచే పుట్టేరా?" అన్నారు. "పోనీ, కాదని చెప్పే సాక్షిని ఒక్కరిని తీసుకురండి. పత్రికకి నేనే రాస్తాను."

ఇదేం పెద్ద పని అనుకుని ఆదివారం మామ దగ్గరకి వెళ్ళేను. అతను నురగ తీస్తున్నాడు. సంగతంతా చెప్పి, ఒక్కసారి అనకాపల్లి వచ్చి ప్లీడరుగారికి నిజం చెప్పమన్నాను. మామ తలెత్తలేదు.

"పొయ్యి మీద పెనం ఉండగా ఆ మాట నాసేత అనిపించకు అల్లుడూ. పాకం ఇరిగిపోనాదంటే మీ అన్న నన్ను ఆ రాయి పక్కనే పాతేత్తాడు. గానుగలాగిపోనాక అడుగు, ఊరంతా ఇనేలాగ సెప్తాను."

గానుగలాగేదాకా నేనాగలేను. ఓపిక తక్కువ ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ముందే చెప్పేను కదా. మా అమ్మనడిగేను. మేడంటే ఆవిడకి సరదా, ఎక్కుతానంది. ఒక దిమ్మ కొంగులో కట్టుకుని బండెక్కింది. దారిపొడుగునా చెప్పేను, నవల నాదని ఒక్క ముక్క అంటే చాలమ్మా అని. సరేలేరా, నాకు తెలీదేటి అంది.

మేడ మీద ప్లీడరుగారు లేచి నిలబడి నమస్కారం చేసేరు. మా అమ్మ దిమ్మ విప్పి, ముక్క కొట్టి, ఎడమచేత్తో ఆయనకిచ్చింది. ఆయన చెయ్యి చాపబోయి ఆగేరు. ఎడమచేత్తో పెడితే ఎవరికైనా అనిపిస్తుంది.

"ఏటనుకోకండి బాబూ. కుడిసెయ్యి కాలిపోనాది. పాకం రుసి సూద్దునని తొందరపడ్డాను" అని కొంగులోంచి చెయ్యి తీసి చూపించింది.

ప్లీడరుగారు ఆ చేతిని చూసేరు. చాలాసేపు చూసేరు. తర్వాత బెల్లం పుచ్చుకుని నోట్లో వేసుకున్నారు. నాకు గుండె తేలికైపోయింది. ఇంక మాటలతో పనేముంది, రాణి చెయ్యి ఆయన ఎదటే ఉంది. కాని ప్లీడరు కదా, అడగవలసింది అడిగేరు. "రాయి మీదున్న రాణి కథ మీ అబ్బాయి కల్పించిందేనా అమ్మా?"

మా అమ్మ నా వైపు చూసింది. కిటికీలోంచి బయటికి, మునగపాక వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"అది మా పెద్దలు సెప్పింది బాబూ."

ప్లీడరుగారు నన్ను చూసి, ఇంక నేనేం చెయ్యనన్నట్టు చేతులు విప్పేరు. నేను అక్కణ్ణుంచి ఎలా దిగేనో నాకు గుర్తులేదు. మా అమ్మ మాత్రం ప్రతి మెట్టూ తడిమి చూసి, సున్నం మంచిదని మెచ్చుకుంటూ దిగింది. బండిలో నేను మొహం పక్కకి తిప్పుకుని కూచున్నాను. బెల్లం బజారు దాటేక ఆవిడే అందుకుంది.

"మొకం అలగెట్టకు. ఇంటికాడ మీ అన్న పెనం పొయ్యిమీదుంది. నాను అక్కడ నేకపోతే మటుకు, మాట మాటే కదా. నీ కత ఎక్కడికి పోద్ది? పాకం ఇరిగిపోతే మల్లీ వత్తాదేటి?"

ఆ పూట బెల్లం బ్రహ్మాండంగా కుదిరింది. మామ మా అమ్మని తెగ మెచ్చుకున్నాడు. నేను అన్నం తిననంటే, ఎవరి దగ్గర అలక, రాణి దగ్గరా అని మా అన్న అడిగేడు.

ఆ ఏడు చెరకు అయిపోయి గానుగలు ఆగిపోయేయి. పొయ్యిలో బూడిద ఎత్తేసేరు. మామ అన్నమాట నిలబెట్టుకున్నాడు. పెనం బోర్లించి, దాని మీద ఎక్కి నిలబడి, రాణి కథ మా అల్లుడిదే, పెద్దలకీ దానికీ సంబంధం లేదని ఊరంతా వినేలా చెప్పేడు. మా అమ్మ కూడా చెప్పింది. ఆ సెయ్యి నాదే, ఆ తొందరా నాదే, ఈ ఎదవ కాయితం మీద పెట్టేడంది. ఊళ్ళో ప్రతివాళ్ళూ ఒప్పుకున్నారు. ఇంతకుముందు ప్లీడరుగారికి కథ చెప్పినవాళ్ళు కూడా ఒప్పుకున్నారు. వినవలసిన ప్లీడరుగారొక్కరే లేరు. భయం తగ్గిందని ఆ ముందు వారమే పెట్టెలు సర్దుకుని విశాఖపట్నం వెళ్ళిపోయేరు.

నేను ఉత్తరం రాసేను. పొయ్యి ఆరింది, ఇప్పుడు మా అమ్మ నిజం చెప్తోంది, వచ్చి వినండి అని. జవాబు లేదు. మళ్ళీ రాసేను. ప్రతి ఏడూ గానుగలాగగానే రాసేవాణ్ణి. మా షావుకారు, గానుగలాగిన కబురు నాకు రైతుల కంటే ముందు నీ ఉత్తరం చెప్తోందిరా అనేవాడు. ఒకసారి రైలెక్కి ఆయన ఇంటికే వెళ్ళేను. ప్లీడరుగారు కోర్టు పని మీద ఊళ్ళో లేరని గుమస్తా గుమ్మంలోంచే పంపేసేడు. యుద్ధం అయిపోయింది. తెల్లవాళ్ళు వెళ్ళిపోయేరు. మా బజారులో జెండా ఎత్తి, బెల్లం ముక్కలు పంచేరు. నా ఉత్తరాలకి జవాబు మాత్రం రాలేదు. నవల పెట్టె అడుగున ఉంది. ఇంకే పత్రికకి పంపినా మళ్ళీ చరిత్ర అంటారని పంపలేదు. ఈలోగా ఆ పుస్తకం చదివి ఎవరో ఒక మేష్టారు మా రాయి దగ్గరకి పిల్లల్ని తీసుకొచ్చి, దుర్మార్గులైన శత్రువుల గురించి చెప్పేరట. మా అమ్మ అక్కడే కూచుని వింటూ, అంతమందెక్కడొచ్చేరయ్యా, నానొక్కదాన్నే ఉన్నానప్పుడు అందట. ముసలావిడకి మతి చలించిందనుకున్నారు.

నాకు కడుపు మండినమాట నిజమే. కాని ఆ ఏళ్ళల్లో నేను ఒకటి గమనించేను. రాయి ముందు కూచున్నప్పుడు నాకు మొదట వచ్చిన ప్రశ్న, ఎవరావిడ అన్నది, మళ్ళీ రావడం లేదు. మా అమ్మే కనిపిస్తోంది. నేను కట్టిన కథ నా కళ్ళకే అడ్డం నిలబడింది. చారిత్రక నవల రాసేవాడికి ఈ జబ్బు తప్పదు కాబోలు.

ఆఖరికి ఒక రోజు కాటా దగ్గరుండగా పోస్టు వచ్చింది. కార్డు. ఆ కార్డు జతచేసి నేను పంపించేకే వారపత్రికవారు నవల వేసుకున్నారు, నా పేరుతో, చెయ్యి నేను కాల్చినట్టే. మా అమ్మకి చదివి వినిపిస్తే రాణిని మళ్ళీ తిట్టింది. కార్డులో ప్లీడరుగారు రాసింది ఇది:

"మీ ఉత్తరములన్నియు అందినవి. మీ తల్లిగారు ఎడమచేత్తో బెల్లం పెట్టిననాడే నాకు సంగతి తెలిసినది. అచ్చయిన పుస్తకం మీద మమకారంచేత ఆమె మాటను పట్టుకుని, ఆమె చేతిని చూడనట్టు ఊరుకున్నాను. రెండవ కూర్పులో రాణి ఉండదు. రాణి మీదే. పాకం ఎవరూ పోయలేదనీ, ఆకలే కాల్చినదనీ కూడా ఒప్పుకుంటున్నాను. అయితే రాయి అక్కడే ఉన్నది గదా. ఆ కత్తి పట్టుకున్నావిడ ఎవరో మీకు ఎప్పుడైనా నిజంగా తెలిస్తే, దయచేసి గానుగలు ఆడని రోజుల్లో నాకు చెప్పండి."